మా తాత అయ్యగారే, నేను క్యాథలిక్కునే

పోయిన నెల మా పెదనాయన ఫోన్ చేశాడు. తాత పుట్టి నూరేళ్లయిన సందర్భంగా నంద్యాల దగ్గర మా ఊళ్లో అందరం కలుస్తున్నాం కదా, ఆ కూటంలో పాఠం చదివేవాళ్ల పట్టీలో మొదట నా పేరు రాసుకున్నారట, తర్వాత కొట్టేశారట. "నువ్వు పూజకు పోయే మనిషివమ్మా, నీ చేత వాక్యం చదివిస్తే సంఘపు పెద్దలు ఏమంటారో" అన్నాడు. కోపంగా కాదు, నచ్చజెబుతున్నట్టే అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నాడు. "మీ తాత గురుత్వం చెల్లదన్నోళ్ల దగ్గరికి పోయినావు. అది మర్చిపోవద్దు."

అదే వారం బెంగళూరులో మా గుడి ప్రార్థన గుంపులో ఒకావిడ చెయ్యి పట్టుకుంది. "ఈసారి నువ్వు సాక్ష్యం చెప్పాలి. మీ తాత పాస్టరంట కదా, ఆ చీకట్లోంచి ఎలా బయటపడ్డావో చెప్పు. పాపం, వాళ్లు అక్కడ ఇచ్చేది ఉత్త రొట్టె కదా" అంది.

రెండు చోట్లా నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు నేర్చుకున్నది తాత ప్రార్థనల పుస్తకంలో, కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ. కాబట్టి నా తెలుగు కొన్నిచోట్ల గ్రాంథికంగా, కొన్నిచోట్ల కేజీఎఫ్ వీధిలాగా ఉంటుంది. సర్దుకోండి.

ముందు ఒక అనుమానం తీర్చేస్తాను. నేను పెళ్లి కోసం మారలేదు. మా పెళ్లయింది 2012లో. మా ఆయన పుట్టుకతో క్యాథలిక్కు. ఆరేళ్లు ఆయన ఆ గుడికీ నేను ఈ గుడికీ పోయాం, ఇంట్లో పప్పు ఒక్కటే ఉడికింది. నేను చేరింది 2018లో, ఈస్టర్ ముందు రాత్రి. ఆ ఆరేళ్లూ నేను చేసింది చదవడం. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "అంతా సరిగ్గా పనిచేస్తోంది" అంటే ఎక్కడ పనిచేయదో వెతకడానికే నాకు జీతమిస్తారు. ఆ అలవాటుతోనే రెండు సంఘాల్నీ చూశాను. రెండింట్లోనూ తప్పులు దొరికాయి. తప్పు లేని చోటు దొరికిందని నేను మారలేదు.

తాత గురించి కొంచెం చెప్పాలి, మన పిల్లల్లో చాలామంది ఆయన్ని చూడలేదు. 1950లలో గురువుగా అభిషేకం పొందాడు. నేను చూసేనాటికి రిటైరై, ఊరి గుడి పక్కనే ఉండేవాడు. వేసవి సెలవులకు మేం కేజీఎఫ్ నుంచి బస్సు, రైలు, మళ్లీ బస్సు ఎక్కి పోయేవాళ్లం. సాయంత్రం ఆరింటికి తాత గంట కొట్టేవాడు. జనం పొలాల నుంచి తిరిగొచ్చే వేళ అది, ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆయన నల్ల అంగీ తొడుక్కుని పుస్తకం తెరిచి గురువు చెప్పే భాగం చెబితే, సంఘం చెప్పే భాగం జేజి చెప్పేది. జేజికి చదువు రాదు. కీర్తనలు, జవాబులు అన్నీ నోటికే వచ్చు. సంఘమంతా ఆమె ఒక్కతే. ఒకసారి అడిగాను, ఎవరూ రానప్పుడు గంటెందుకు తాతా అని. "రాలేనోళ్లకు ప్రార్థన జరుగుతా ఉందని తెలియాల గదా" అన్నాడు.

ఇది తాత సొంత భక్తి అనుకున్నాను చాలా ఏళ్లు. కాదు. ఆంగ్లికన్ గురువు పొద్దునా సాయంత్రమూ ప్రార్థన తప్పకూడదని, ఊళ్లో ఉన్నప్పుడు గుళ్లో గంట కొట్టి మరీ చెప్పాలని వాళ్ల పాత ప్రార్థనల పుస్తకంలోనే నియమం ఉంది. 1630లో ఇంగ్లండ్‌లో బెమర్టన్ అనే చిన్న ఊరికి గురువుగా పోయిన కవి జార్జ్ హెర్బర్ట్ కూడా రోజూ ఇలాగే రెండుసార్లు గంట కొట్టించేవాడట. ఆ గంట వినపడితే దున్నేవాళ్లు నాగలి ఆపి నిలబడేవాళ్లని ఆయన జీవితం రాసిన ఐజాక్ వాల్టన్ చెబుతాడు. మూడేళ్లకే, 1633లో, హెర్బర్ట్ చనిపోయాడు. ఆంగ్లికన్ గురువు బతుకు అంటే మొదట గుర్తుకు రావాల్సింది ఇది. రాజులూ కాదు, కథీడ్రళ్లూ కాదు. చిన్న ఊరు, గంట, పుస్తకం, వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి జవాబు చెప్పే భార్య.

పెదనాయనా, ఇప్పుడు మీతో.

మీరన్నది నిజమే, దాచను. 1896 సెప్టెంబరులో పదమూడో లియో పోపు ఆంగ్లికన్ అభిషేకాలు చెల్లవని తీర్పు ఇచ్చాడు. ఇకమీదట చెల్లవని కాదు, మొదటినుంచీ లేనట్టేనని. ఆరో ఎడ్వర్డ్ రాజు కాలంలో, 1550ల నాడు, క్రాన్మర్ తయారుచేసిన అభిషేక క్రమంలోంచి బలి అర్పించే గురువు అన్న అర్థాన్ని కావాలనే తీసేశారని, మాటా మారింది ఉద్దేశమూ మారింది కాబట్టి అక్కడే గొలుసు తెగిందని ఆయన వాదన. 1662లో మాటల్ని సరిచేశారు గానీ అప్పటికి నూరేళ్లు దాటిపోయాయి, తెగిన గొలుసుకు కొత్త కొక్కెం తగిలించినట్టే అన్నాడు. దానికి 1897లో క్యాంటర్‌బరీ, యార్క్ ఆర్చిబిషప్పులిద్దరూ జవాబు రాశారు. ఈ కొలతబద్దతో కొలిస్తే రోము వాడిన పాత క్రమాలు కూడా నిలబడవు అన్నారు. రెండూ చదివాను. ఆ జవాబు తేలికైంది కాదు.

అయినా నేను రోము వైపే తేలాను. గురువంటే ఎవరు, బల్ల దగ్గర జరిగేది ఏమిటి అని తేల్చి చెప్పే నోరు ఎవరిది అన్న ప్రశ్నకు ఆంగ్లికన్ లోకంలో నాకు ఒక్క జవాబు దొరకలేదు. ఒక గుళ్లో బలి అంటారు, పక్క గుళ్లో జ్ఞాపకార్థం అంటారు, ఇద్దరి చేతిలోనూ ఒకే పుస్తకం. ఇది నాకు సరిపోలేదు. మీకు సరిపోయి ఉండొచ్చు. తాతకు సరిపోయింది.

కానీ ఈ ప్రశ్న నాకు రోము నేర్పలేదు పెదనాయనా, మన ఇల్లే నేర్పింది. మీరు మర్చిపోయారో, చెప్పడం మానేశారో తెలియదు గానీ మన పిల్లలకు 1947 అంటే స్వాతంత్ర్యం ఒక్కటే తెలుసు. ఆ ఏడు సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అనేది, పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఒకటైన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలవాళ్లు కలిశారు. దోర్నకల్ బిషప్ అజరయ్య ఈ కలయిక కోసం పాటుపడీ పాటుపడీ, చూడకుండానే 1945 జనవరి 1న పోయాడు. (తిరునల్వేలిలో తమిళుడై పుట్టి, తెలుగు నేర్చుకుని, 1912లో తెలుగు నేలకు బిషప్ అయిన మనిషి ఆయన. ఊరు కాని ఊళ్లో బతికే మనలాంటివాళ్లు ఆయన్ని ఇంకొంచెం ఎక్కువ తలచుకోవాలి.) ఆయన ఖండంలోనే ఉన్న నంద్యాల వైపు ఎస్.పి.జి. సంఘాల్లో మాత్రం చాలామంది కలవబోమన్నారు. కలకత్తా మెట్రోపాలిటన్ కింద ఆంగ్లికన్లుగానే ఉండిపోయారు. సి.ఎస్.ఐ.లో చేరింది 1975లో. మన తాత అభిషేకం పొందింది ఆ మధ్య కాలంలోనే.

ఎందుకు కలవలేదు? అంతా భక్తే అని నేననను. పక్క మిషన్‌తో పాత పేచీలు, పెద్దమనుషుల పంతాలు కూడా ఉండే ఉంటాయి, ఏ సంఘంలో లేవు గనక. కానీ నోటితో చెప్పిన కారణం ఒకటుంది. బిషప్ చెయ్యి తలమీద పడని మనిషి సంస్కారం ఇవ్వడానికి వీల్లేదు. కొత్త సంఘంలో పాత పాస్టర్లను మళ్లీ అభిషేకం చేయకుండానే గురువులుగా ఒప్పుకున్నారు. అది మనవాళ్లకు మింగుడు పడలేదు. ఇంగ్లండ్‌లో కూడా చాలామందికి పడలేదు. కవి టి.ఎస్.ఎలియట్ 1943లోనే ఆ పథకాన్ని తిడుతూ ఒక చిన్న పుస్తకం వేశాడు.

ఇప్పుడు అసలు మాట. జమ్మలమడుగు, కడప వైపు లండన్ మిషన్ అయ్యగార్లు ఉండేవాళ్లు. వాళ్లూ ఎండలో పల్లె పల్లె తిరిగారు, పిల్లలకు బాప్తిస్మం ఇచ్చారు, చచ్చినవాళ్లను పూడ్చిపెట్టారు, కరువులో సంఘంతో పాటు పస్తులున్నారు. వాళ్లిచ్చే ప్రభు భోజనం గురించి మన ఇంట్లో ఏమనేవాళ్లు? మా నాయన చెప్పగా విన్నాను. "మంచి జ్ఞాపకార్థమే గానీ సంస్కారం కాదు" అనేవాళ్లు. అంటే 1896లో రోము మనతో అన్నదాన్ని 1947లో మనం పక్క జిల్లా అయ్యగారితో అన్నాం. అప్పుడు అది సత్యం కోసం నిలబడటం. ఇప్పుడు నేను అదే వాదాన్ని ఇంకో మెట్టు ఎక్కిస్తే తాతకు ద్రోహం. ఇదెక్కడి లెక్క?

ఆ మాట మన ఊళ్లో పుట్టింది కూడా కాదు. 1833లో ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు గురువులు కరపత్రాలు వేయడం మొదలుపెట్టారు. మొదటి కరపత్రం జాన్ హెన్రీ న్యూమన్‌ది. గురువులారా, మీ అధికారం ప్రభుత్వం ఇచ్చింది కాదు, అపొస్తలుల నుంచి బిషప్పుల చేతుల మీదుగా దిగివచ్చింది అన్నది దాని సారం. నంద్యాల తాతల నోట్లో ఉన్నది అదే. న్యూమన్ ఆ దారం పట్టుకుని పోయి పోయి చివరికి 1845 అక్టోబరు 9న లిటిల్‌మోర్ అనే ఊళ్లో క్యాథలిక్కు అయ్యాడు. వానలో తడిసి ముద్దయి వచ్చిన డొమినిక్ బార్బెరీ అనే ఇటలీ సన్యాసి ఆయన్ని చేర్చుకున్నాడు. న్యూమన్ స్నేహితులు కీబుల్, ప్యూసీ అదే దారం పట్టుకుని ఆంగ్లికన్లుగానే ఉండిపోయారు. ఇద్దరిలో ఎవరూ మూర్ఖులు కాదు. తాత కీబుల్ లాంటివాడు. కీబుల్ 1836 నుంచి ముప్పయ్యేళ్లు హర్స్‌లీ అనే పల్లెలో భార్యతో కలిసి గురువుగా బతికి, 1866లో పోయాడు. ఒకే ప్రశ్నకు తాత ఒక చోట ఆగాడు, నేను ఆగలేదు. అంతవరకే తేడా.

ఇంకొకటి. నన్ను చేర్చుకునే ముందు మా విచారణ గురువులు బాప్తిస్మపు పత్రం అడిగారు. ఇంట్లో వెతికితే ప్లాస్టిక్ కవర్లో దొరికింది. పసుపెక్కిన కాగితం, సిరా సంతకం. బాప్తిస్మం ఇచ్చింది తాతే. ఫాదర్ దాన్ని చదివి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో నీళ్లతో ఇచ్చారు కదా అని అడిగి, చాలు అన్నారు. మళ్లీ ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా. తాత "బాప్తిస్మము" అని రాసిన దాన్ని మా గుడి రిజిస్టరులో "జ్ఞానస్నానం" అని ఎక్కించి, పక్కన తాత పేరు రాశారు. నా క్యాథలిక్కు బతుకంతా ఆ సంతకం మీదే నిలబడి ఉంది. బాప్తిస్మం ఎవరైనా ఇవ్వొచ్చు, అది గురుత్వానికి రుజువు కాదు అని మీరంటారు. అవును, రుజువు కాదు. క్యాథలిక్కు లెక్కలో నీళ్లు పోసే చెయ్యి గురువుదే కానక్కర్లేదు. ఆ జవాబు నాకూ నొప్పిగానే ఉంటుంది. కానీ "తాత చేతుల్ని చెరిపేసినోళ్లు" అని మాత్రం అనకండి. చెరిపేయలేదు. రిజిస్టరు చూపిస్తాను రండి.

పూజ అన్న మాటకు కూడా మనవాళ్లు ఉలిక్కిపడతారు, ఏదో కొబ్బరికాయ కొట్టి వచ్చినట్టు. మీరు ఆరాధన అంటారు, మేం పూజ అంటాం. రెండూ ఈ దేశపు పాత మాటలే, రెండూ గుళ్లలోంచి తెచ్చుకున్నవే. ఆ మాటకొస్తే ఇద్దరి నోట్లోనూ విదేశీ మాట బాప్తిస్మం ఒక్కటే, అది మీది.

ఇక మా ప్రార్థన గుంపు అక్కలకు.

మీరు అడిగిన సాక్ష్యం నేను చెప్పను. చీకట్లోంచి రాలేదు కాబట్టి చెప్పను. "ఎనిమిదో హెన్రీ పెళ్లాం కోసం పెట్టిన మతం" అని మీరు నవ్వుతారు. హెన్రీ 1534లో పోపును కాదని సంఘానికి తానే తల అన్నాడు, నిజమే. కానీ ఆయన చచ్చేదాకా విన్నది లాటిన్ పూజే. ఇంగ్లీషు ప్రార్థనల పుస్తకం వచ్చింది ఆయన పోయాక, 1549లో, కొడుకు కాలంలో. మన థామస్ మోర్‌ను 1535లో నరికించింది హెన్రీ. వాళ్ల క్రాన్మర్‌ను 1556లో కట్టెల మీద కాల్చింది మన క్యాథలిక్కు రాణి మేరీ ఏలుబడిలో. రక్తం రెండు గుమ్మాల మీదా ఉంది. జోకు వేసేముందు మన గుమ్మం కూడా చూసుకోవాలి.

"ఉత్త రొట్టె" అన్న మాట మీకు ఎవరు నేర్పారు? పోపు నేర్పలేదు. 1966 మార్చిలో ఆరో పౌలు పోపు రోములో తన చేతి ఉంగరం తీసి క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ మైకేల్ రామ్సే వేలికి తొడిగాడు. 1896 తీర్పును రద్దు చేయలేదు, అది అలాగే ఉంది. అయినా బిషప్ ఉంగరాన్ని ఆ వేలికే తొడిగాడు. ఆ వేలు ఉత్తదే అయితే ఉంగరమెందుకు? అంతకు రెండేళ్ల ముందు, 1964లో, వాటికన్ మహాసభ రోము నుంచి విడిపోయిన సంఘాల గురించి చెబుతూ, క్యాథలిక్కు సంప్రదాయాలు కొంతవరకు నిలిచి ఉన్న వాటిలో ఆంగ్లికన్లకు ప్రత్యేకమైన చోటుందని పేరు పెట్టి రాసింది. వాళ్ల ప్రభు భోజనంలో మన సత్ప్రసాదపు నిండుదనం లేదని చెప్పింది. అందులో ఏమీ లేదని చెప్పలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడా చిన్నదేమీ కాదు. నా ఉద్యోగంలో "ఫలితం మన స్పెసిఫికేషన్‌కు సరిపోలేదు" అని రాయాల్సిన చోట "ఇది పనికిరాదు" అని రాస్తే మేనేజరు వెనక్కి పంపిస్తాడు. పోపు రాసింది మొదటిది, మీరు చదువుకున్నది రెండోది.

ఒక్కసారి రోము చెయ్యి కూడా తటపటాయించింది. లండన్ మాజీ ఆంగ్లికన్ బిషప్ గ్రాహమ్ లెనార్డ్ 1994లో క్యాథలిక్కు గురువు అయినప్పుడు ఆయనకు అభిషేకం షరతుతో ఇచ్చారు. ఇదివరకే అందకపోయి ఉంటే ఇప్పుడు అందుగాక అని. రోముతో తెగిపోయినా అభిషేకం చెల్లుతుందని రోమే ఒప్పుకున్న ఓల్డ్ క్యాథలిక్ బిషప్పుల చేతులు ఆయన వరసలో కలిశాయి గనక. అందరికీ అలా చేయరు, ఆయనది ప్రత్యేకం. కానీ అంత జాగ్రత్తగా మాట్లాడే విషయం గురించి మనం ప్రార్థన గుంపులో చాయ్ తాగుతూ తేల్చేస్తామా?

2009లో పదహారో బెనెడిక్ట్ పోపు ఇంకా ముందుకు పోయాడు. గుంపులుగా వచ్చే ఆంగ్లికన్లు తమ ప్రార్థన పద్ధతులు, సంఘం నడిపే తీరు వదిలేయనక్కర్లేదు, అవి అందరం పంచుకోవాల్సిన సొత్తు, వెంట తెచ్చుకోండి అని చట్టమే చేశాడు. 2011 జనవరి 15న ఇంగ్లండ్‌లో వాల్సింగ్‌హామ్ మాత పేరుతో వాళ్లకొక ప్రత్యేక ఖండం, ఆర్డినేరియట్ అంటారు, ఏర్పడింది. అదే రోజు ముగ్గురు మాజీ ఆంగ్లికన్ బిషప్పులు గురువులయ్యారు. వాళ్లలో కీత్ న్యూటన్‌ను దానికి అధిపతిని చేశారు. ఆయనకు భార్య ఉంది కాబట్టి బిషప్ కాలేడు, గురువుగానే ఉండి నడిపాడు. 2017 మార్చిలో రోము సెయింట్ పీటర్స్ బసిలికాలో మొదటిసారి ఆంగ్లికన్ సాయంత్ర ప్రార్థన పాడారు. జేజి జవాబులు చెప్పిన ఆ ప్రార్థనే. అది చదివిన రోజు నేను ఆఫీసు బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మన దేశంలో అలాంటి ఖండం లేదు. నాలాంటివాళ్లు ఒంటరిగా వస్తారు, ఖాళీ చేతులతో రమ్మంటారు. అందుకే ఈ కోపం.

వచ్చినవాళ్లు పాత ఇంటిని తిట్టడం న్యూమన్ కూడా చేశాడు, ఒప్పుకోవాలి. 1850లో లండన్‌లో ఇచ్చిన ప్రసంగాల్లో ఆంగ్లికన్ సంఘాన్ని బాగానే ఎగతాళి చేశాడు. వయసు పెరిగాక తగ్గాడు. 1864లో తన కథ రాసేనాటికి పాత స్నేహితుల మీద ప్రేమే మిగిలింది. మరుసటేడు హర్స్‌లీలో కీబుల్ ఇంటికి పోయాడు. గుమ్మంలో కీబుల్ నిలబడి ఉన్నాడు. ఇరవయ్యేళ్లు చూసుకోకపోయేసరికి ఒకరినొకరు గుర్తుపట్టలేదు. ఆరోజు ప్యూసీ కూడా అక్కడే ఉన్నాడు. ముగ్గురూ కలిసి భోంచేశారు. మరుసటేడే కీబుల్ పోయాడు. 2019లో న్యూమన్‌ను పునీతుడని ప్రకటించినప్పుడు మా గుళ్లో ఆయన మారిన రాత్రి గురించి చెప్పారు, ఈ భోజనం గురించి ఎవరూ చెప్పలేదు.

గురువుల బతుకు గురించి కూడా రెండు వైపులా చెత్త మాటలే వింటున్నాను. మా క్యాథలిక్కు అక్కలకు పెళ్లయిన గురువంటే సగం గురువు. మా ఇంటివాళ్లకు పెళ్లి కాని గురువంటే సంసారం కష్టం తెలియని మనిషి.

పెళ్లయిన గురువు ఇల్లు ఎలా ఉంటుందో నేను చూశాను. అయ్యగారి ఇంటి అరుగు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. మొగుడు కొట్టాడని వచ్చిన ఆడమనిషి అయ్యగారితో మాట్లాడేది కాదు, వంటింటి వెనక అమ్మగారితో మాట్లాడేది. జేజికి ఏ అభిషేకమూ లేదు, జీతమూ లేదు. కాన్పులకు పోయింది, పిడికెడు బియ్యం లెక్క చూసింది, ఆదివారం మిగిలిన రొట్టె కాక ఇంట్లో మిగిలిన సంగటి కూడా పంచింది. ఆ ఇంటి పిల్లలు, అంటే మా నాయనా మీరూ పెదనాయనా, ఎప్పుడూ రెండో వరసలో తిన్నారు. ఆ కోపం మీకు ఇంకా ఉంది, నాకు తెలుసు. ఆ బతుకులో సగం బలి జేజిది. దాన్ని సగం గురుత్వం అనేవాళ్లకు లెక్కలు రావు.

పెళ్లి లేని గురువునూ ఇప్పుడు చూస్తున్నాను. మా ఫాదర్‌కు మూడు భాషల్లో పూజలు, రెండు ఉపగుళ్లు, ఒక బడి. రాత్రి పదకొండుకు ఆస్పత్రి నుంచి ఫోనొస్తే బండి తీసుకుని పోతాడు. తిరిగొచ్చాక తలుపు తీసేవాళ్లు ఉండరు. సంఘం చెప్పే భాగం చెప్పడానికి ఆయనకు జేజి లేదు. సంధ్య ప్రార్థన ఆయన ఒక్కడే గదిలో, ఫోన్లో చూసి చెప్పుకుంటాడు. సంసారం కష్టం తెలియదట! పాపసంకీర్తనం బోనులో కూర్చుని వినేది ఏమిటి మరి? నా కష్టం నేను మా అమ్మకు చెప్పనిది ఆయనకు చెప్పాను. తాత పుస్తకంలో కూడా రోగి దగ్గర గురువు పాపపు ఒప్పుకోలు విని క్షమాపణ పలికే క్రమం ఉంది, పేజీ తీసి చూడండి. మన ఇంట్లో ఎవరూ దాన్ని వాడగా నేను చూడలేదు.

నాకు జవాబు లేని ప్రశ్న కూడా ఒకటుంది. మా అత్త కూతురు అడిగింది. 2013లో మన నంద్యాలకే పుష్పలలిత గారు బిషప్‌గా వచ్చారు, సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్. ఒకప్పుడు బిషప్ చెయ్యి కోసం పంతం పట్టిన నేల మీద ఒక తెలుగామె చెయ్యి. "ఆడదానివై ఉండి, ఆడవాళ్లకు గురుత్వమే లేని చోటికి పోతావా?" అంది. నేను మా సంఘం చెప్పే కారణాలు చెప్పాను. అవి నేను నమ్ముతాను కూడా. కానీ చెబుతుంటే నా ముందు జేజి నిలబడింది. ఆ వాదంలో నేను గెలవలేదు, గెలిచినట్టు ఇక్కడ రాయను.

ఇక కూటం సంగతి. తాత పెట్టె తెరిచి తెల్ల అంగీ, ప్రార్థనల పుస్తకం అద్దాల పెట్టెలో పెట్టి ఫోటోలు తీద్దామని కజిన్లు అనుకుంటున్నారట. నా మాట వింటే పెట్టకండి. ఆ పుస్తకం చూడటానికి రాసింది కాదు. పేజీల మూలలు జేజి చేతి నూనెతో నల్లబడి ఉంటాయి. ఆమెకు చదవడం రాకపోయినా పేజీ తిప్పేది ఆమే.

పాఠం నా చేత చదివించొద్దు, సరే. ఆదివారం సంస్కార ఆరాధనకు వస్తాను, వెనక బెంచీలో కూర్చుంటాను, బల్ల దగ్గరికి మాత్రం రాను. రాలేను. అది మీ మీద అలక కాదు, నేను ఒప్పుకున్న దానికి కట్టుబడటం. మోకాళ్లూని మీరందరూ తీసుకుంటుంటే నేనొక్కదాన్ని కూర్చుని ఉండటం మీకెంత ఇబ్బందో నాకంతకంటే ఎక్కువ. దయచేసి ఆ నిమిషం నా వైపు చూడకండి.

శనివారం సాయంత్రం మాత్రం ఒకటి అడుగుతున్నాను. సాయంత్ర ప్రార్థనలో క్యాథలిక్కు నోటికి అడ్డమేమీ లేదు, మా ఫాదర్‌ను అడిగే రాస్తున్నాను. ఆరింటికి గంట కొట్టించండి పెదనాయనా. గురువు భాగం మీరు చదవండి, అయ్యగారి కొడుకు గొంతు అక్కడ వినపడి చాలా ఏళ్లయింది. జవాబులు నాకు నోటికొచ్చు.